మేం పండించే చేను మీద డబ్బు ఎవరి పేరున పడుతోంది? జాబితా పూర్తిగా ఎక్కడ చూడాలి?

స్వర్ణ7029 (ముమ్మిడివరం దగ్గర):

అందరికీ నమస్కారమండి. మాది కోనసీమ. సొంతానికి అరెకరం ఉంది, అదీ మా నాన్నగారి పేరునే. నాలుగెకరాలు కౌలుకి చేస్తున్నాను, పదకొండేళ్లుగా ఒకే ఆసామి గారి దగ్గర. ఎకరాకి సార్వాలో (వానకారు పంట) 12 బస్తాలు, దాళ్వాలో (రెండో కారు పంట) 16 బస్తాలు కౌలు. కాగితం లేదు, మాట మీదే నడుస్తోంది. ఒక్క ఏడు కూడా బాకీ పెట్టలేదు.

మొన్న 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా. అప్పటికి మా స్వర్ణ రకం వరి గింజ పాలు పోసుకుని గట్టిపడుతోంది. తెల్లారి వెళ్లి చూస్తే నాలుగెకరాల్లో మూడెకరాలు నీళ్లలో పడుకుని ఉంది. మురుగు డ్రైను లాగలేదు, నాలుగు రోజులు నీళ్లు కదల్లేదు. నేనూ మా ఆవిడా, ఇంకో ఇద్దరు కూలీలూ దుబ్బులు నాలుగేసి కలిపి కట్టుకుంటూ వెళ్లాం. వంగిన చోట కంకి ఎత్తి చూస్తే అడుగు గింజలకి తెల్లటి మొలక, గోరంత. ఆ గింజ ఎవరు కొంటారండి? కట్టడం ఆపేసి మా ఆవిడ గట్టు మీద కూర్చుండిపోయింది.

వ్యవసాయ సహాయకుడు వచ్చాడు. కుర్రాడు మంచివాడే. నన్ను గట్టు మీద నిలబెట్టి ఫోనుతో ఫొటో తీసుకున్నాడు, వెనక పడిపోయిన చేను, ముందు నేను. కొన్నాళ్లకి రైతు సేవా కేంద్రం గోడకి జాబితా అంటించారు. పదకొండు కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి పిన్ను కొట్టేశారు, కింద కాగితం చూడాలంటే పైది ఎత్తి పట్టుకోవాలి. అక్షరాలు సన్నగా ఉంటే మా అబ్బాయిని తీసుకెళ్లి చదివించాను. నా పేరు ఎక్కడా లేదు. 143వ వరసలో మా సర్వే నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది, పంట వరి అని ఉంది. సాగుదారు అన్న గడిలో మాత్రం ఆసామి గారి పేరు! ఆవిడ హైదరాబాదులో ఉంటారు. ఆ గట్టు తొక్కి నాలుగేళ్లయింది. ఫొటోలో ఉన్నది నేను, కాగితం మీద ఉన్నది ఆవిడ.

నాకు ఆవిడ మీద కోపం లేదండి. మా అబ్బాయి ఫీజుకి ఒకసారి సర్దారు కూడా. కానీ 2024 సెప్టెంబరు వరదలప్పుడు ప్రభుత్వం వరికి ఎకరాకి 10 వేలు చొప్పున ఇచ్చింది. ఆ లెక్కన చూసినా నా మూడెకరాలకి 30 వేలు. మందులూ ఎరువులూ కొట్టువాడికి నేను బాకీ ఉన్నాను, ఆవిడ కాదు.

పెట్టుబడి సాయం సంగతి వేరని తెలుసు. ఆగస్టు 2న, నవంబరు 19న 7 వేలు చొప్పున పడింది కదా, కేంద్రానిది (పీఎం కిసాన్) 2 వేలు, రాష్ట్రానిది (అన్నదాత సుఖీభవ) 5 వేలు. అది పట్టాదారుకి. మా నాన్నగారికీ పడింది, అరెకరానికే. కుటుంబానికి ఇంత అని ఇస్తారు తప్ప ఎకరాల లెక్క లేదు కాబట్టి అరెకరం ఉన్నా అయిదెకరాలు ఉన్నా ఒకటే. ఆ డబ్బు మాకు ఆసరా, కాదనను. నేను అడిగేది ఆ సాయం ఇంకా కావాలని కాదు.

నా ప్రశ్న ఇదీ. మా ఊళ్లో ఏ సర్వే నంబరు మీద, ఏ పథకంలో, ఎవరికి, ఎంత పడిందో వరసగా చూపించే జాబితా ఎక్కడైనా ఉందా? పీఎం కిసాన్ సైటులో ఊరి జాబితా వస్తోంది, అందులో పేరు, ఆడా మగా అన్నదే ఉంది. ఎంత పొలం, ఎంత డబ్బు అన్నది లేదు. రాష్ట్రం సైటులో ఆధార్ కొడితే మన సంగతి మనకే కనబడుతుంది. అంతకు మించి ఏమైనా దారి ఉందా?

రెండోది. ఆసామి గారు సంక్రాంతికి ఊరొస్తున్నారు. ఈ మాట ఎలా ఎత్తాలో తెలియడం లేదు. ఎత్తితే దాళ్వా పొలం ఉంటుందో లేదోనని టెన్షన్‌గా ఉంది. నారు ఇప్పటికే పోసేశాను.


పాత అడంగల్ (పాలకొల్లు):

బాబూ, నేను వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. నీ ప్రశ్నలో రెండు జాబితాలు కలిసిపోయాయి, ముందు వాటిని విడదీసుకో.

పెట్టుబడి సాయం జాబితా భూమి రికార్డు వెంట నడుస్తుంది. పీఎం కిసాన్‌కి 2019 ఫిబ్రవరి 1 నాటికి ఎవరి పేరున భూమి ఉందన్నదే లెక్క. ఆదాయ పన్ను కట్టేవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగులు, నెలకి 10 వేలు ఆపైన పింఛను తీసుకునే రిటైరైనవాళ్లు (నాలుగో తరగతివాళ్లు తప్ప), ప్రాక్టీసులో ఉన్న డాక్టర్లు, లాయర్లు, ఇంజినీర్లు దానికి అనర్హులు. కౌలు రైతుకి అందులో చోటు లేదు. రాష్ట్రం 2019లో రైతు భరోసా తెచ్చినప్పుడు కౌలు రైతుల్ని చేర్చింది కానీ ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల్లో సొంత భూమి లేనివాళ్లకే. అంచేత పట్టా ఉన్న ఆవిడకి ఆ డబ్బు రావడం, అర్హత ఉంటే, తప్పు కాదు. రూలే అలా ఉంది.

పంట నష్టం అలా కాదు. నష్టపరిహారం, పంటల బీమా, ధాన్యం అమ్మిన డబ్బు, ఈ మూడూ ఈ-పంట వెంట నడవాలి. ఏ గట్టు మధ్య ఎవరు ఏ పంట వేశారో రాయడానికే ఈ-పంట పెట్టారు. సాగుదారు గడిలో పండించేవాడి పేరు ఉండాలి. నీకు జరిగింది ఇక్కడి పొరపాటు. తుపాను తర్వాత కాదు, సార్వాలో ఊడ్పులు అయ్యాక ఈ-పంట రాసిన రోజే జరిగింది. ఆ రోజు 1బి (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డు) చూసి పట్టాదారు పేరు ఎక్కించేసి ఉంటారు. నువ్వు వేలిముద్ర వేశావా? వేయకపోతే, ఎవరు వేశారు? అది అడుగు ముందు.

గోడకి అంటించిన కాగితం ఊరికే అంటించరు. దాన్ని సామాజిక తనిఖీ అంటారు, అభ్యంతరాలు తీసుకోవడానికే ఆ గడువు. గడువు లోపల తెల్ల కాగితం మీద రాసి ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ, ముద్ర వేయించుకోవాలి. నోటితో చెప్పింది నిలవదు. మేం పనిచేసేటప్పుడు జనం వచ్చి గంటలు గంటలు మాట్లాడి వెళ్లేవారు, కాగితం ఇచ్చినవాళ్లు పదిమంది ఉండేవారు కాదు. ఆ కాగితాలు ఉన్న పేర్లే మారేవి.

ఇక నీ అసలు ప్రశ్న. 2005 సమాచార హక్కు చట్టంలో సెక్షన్ 4(1)(బి) తీసి చూడు. పన్నెండో అంశం: సబ్సిడీ పథకాలు ఎలా అమలు చేస్తున్నారు, ఎంత కేటాయించారు, లబ్ధిదారులు ఎవరు, ఇవన్నీ ప్రతి ప్రభుత్వ కార్యాలయం ఎవరూ అడగకుండానే ప్రచురించాలి. అడిగితే ఇవ్వాలని కాదు, అడగకుండానే పెట్టాలని ఉంది. పెట్టలేదు కాబట్టి నువ్వు అడుగుతున్నావు. మండల వ్యవసాయాధికారి కార్యాలయానికి దరఖాస్తు పెట్టు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయానికైతే దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే పై అధికారికి అప్పీలు.

ఒక జాగ్రత్త. ఆధార్ నంబర్లు, ఫోన్లు, బ్యాంకు ఖాతాలు అడగకు. అవి ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. పైగా 2025 నవంబరులో వ్యక్తిగత డేటా చట్టం నిబంధనలు వచ్చినప్పుడే సమాచార హక్కులో 8(1)(జె) మారింది, వ్యక్తిగత సమాచారం అని తిప్పి పంపడం ఇప్పుడు తేలిక. 4(1)(బి)లో లబ్ధిదారుల మాట మాత్రం అలాగే ఉంది. కాబట్టి గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, పంట, సాగుదారు పేరు, మంజూరైన మొత్తం, అంతవరకే అడుగు.

అడిగితే ఏమొస్తుందంటావా? పీఎం కిసాన్‌లో 20.48 లక్షల మంది అనర్హులకి 1,364 కోట్లు వెళ్లాయని 2021 జనవరిలో బయటపడింది సమాచార హక్కు దరఖాస్తు వల్లే. అందులో సగానికి పైగా ఆదాయ పన్ను కట్టేవాళ్లు.


లంక పిల్ల (ఆలమూరు వైపు):

పెద్దాయన చెప్పింది కరెక్టండి. నాది ఇంకో మాట. మా ఇంట్లో చేసేది నేను, మా ఆయన గల్ఫ్‌లో ఉంటారు. రెండెకరాల కౌలు ఈ-పంటలో మామగారి పేరున రాశారు. నాకు 64 ఏళ్ల మామగారి మీద పేచీ లేదు, డబ్బు ఇంట్లోకే వస్తుంది. కానీ ధాన్యం కాంటా దగ్గర, సంచుల దగ్గర, బ్యాంకు దగ్గర ప్రతిసారీ ఆయన్ని ఆటో ఎక్కించుకుని వెళ్లాలి. ఒకసారి వేలిముద్ర పడక మూడుసార్లు తిప్పారు, చేతి గీతలు అరిగిపోయాయి ఆయనకి. జాబితాలో ఆడా మగా అన్న గడి ఉందన్నారు కదా. మా ఊరి జాబితాలో ఆడవాళ్ల పేర్లు పట్టా ఉన్నవాళ్లవే కానీ ఊడ్చినవాళ్లవి కావు. మీరు దరఖాస్తు పెడితే ఆ గడి కూడా అడగండి దయచేసి.


పాలకొల్లు నుంచి మ్యూనిక్:

మాదీ పాలకొల్లే అండి, పదేళ్లుగా జర్మనీలో ఉంటున్నాను. ఇక్కడి పద్ధతి ఒకటి చెబుతాను, పోల్చుకోవడానికి.

యూరప్‌లో రైతులకిచ్చే సబ్సిడీ ఎవరికి ఎంత అన్నది ప్రభుత్వమే వెబ్‌సైటులో పెడుతుంది. పేరు, ఊరు, ఏ పద్దు కింద ఎన్ని యూరోలు, అన్నీ. మేం పాలు కొనే ఇంటాయనకి ఎంత వచ్చిందో నేను ఇంట్లో కూర్చుని చూశాను, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది గొడవ లేకుండా రాలేదు. 2010 నవంబరులో యూరప్ కోర్టు, మామూలు రైతుల పేర్లు ఇలా ఏ తేడా చూడకుండా బయట పెట్టడం చెల్లదని కొట్టేసింది. తర్వాత నిబంధన మార్చి, 1,250 యూరోల లోపు వచ్చే చిన్న రైతుల పేర్లు దాచి, మిగతావి మళ్లీ పెట్టారు. రెండేళ్లపాటు సైటులో ఉంటాయి. చిన్నవాడి పరువు కాపాడి పెద్ద మొత్తాలు బయట పెట్టడం నాకు సబబుగా అనిపించింది.

ఇంకొకటి, మీకు కావాల్సింది. ఇక్కడ సగానికి పైగా పొలం కౌలుదే. డబ్బు పొలం ఎవరి చేతిలో ఉందో, ఎవరు సాగు చేస్తున్నారో వాళ్లకి వస్తుంది. యజమానికి రాదు. అయితే యజమానులు ఆ సంగతి తెలిసి కౌలు పెంచుకుంటారు, కొంత డబ్బు అలా చేతులు మారుతుంది. అది కూడా చెప్పాలి కదా.


స్వర్ణ7029:

అందరికీ చాలా థాంక్సండి. పెద్దాయనా, మీరు అడిగాక గుర్తు చేసుకున్నాను. నేను వేలిముద్ర వేయలేదు. ఆ రోజు నేను ఎరువుకి వెళ్లాను, "మీ పొలం అయిపోయింది, రానక్కర్లేదు" అని ఫోను చేశారు. నేనూ ఊరుకున్నాను. అక్కడే పోయింది.

జర్మనీ తమ్ముడూ, నువ్వు చివర్లో చెప్పింది మాకు కొత్త కాదు. పక్క ఊళ్లో ఒకతను తన పేరున నష్టపరిహారం తెచ్చుకున్నాడు, మరుసటి ఏడు ఆసామి ఎకరాకి రెండు బస్తాలు పెంచారు. 2025-26 మద్దతు ధర క్వింటాలు 2,369 లెక్కన 75 కిలోల బస్తా 1,777 రూపాయలు. రెండు బస్తాలంటే ఎకరాకి 3,554. అదీ ఏటా. వచ్చింది ఒకసారి, పోయేది ప్రతి ఏడూ. అందుకే నోరు తెరవడానికి భయం.

అమ్మా లంక పిల్లా, తప్పకుండా అడుగుతాను. మా చేలో దుబ్బులు కట్టింది మా ఆవిడే, ఆ గడి సంగతి నాకు తట్టనే లేదు.


గట్టు మీద కొబ్బరి (హైదరాబాద్):

ఈ మాటలన్నీ రెండు రోజులుగా చదువుతున్నాను. నేను అటువైపు మనిషిని. అమలాపురం దగ్గర మాకు అయిదెకరాలు, అమ్మ పేరున. నేను ఇక్కడ ఉద్యోగం. నేను పన్ను కడతాను కాబట్టి నాకు రాదు, అమ్మ వేరే కుటుంబం లెక్క, ఆమెకి సాయం వస్తోంది. నిబంధన ప్రకారం సరే. కానీ పంట నష్టం డబ్బు కూడా రెండుసార్లు అమ్మ ఖాతాలో పడింది, మేం వాడుకున్నాం. మా కౌలుదారు అడగలేదు, మేం చెప్పలేదు. ఇది రాస్తుంటే సిగ్గుగానే ఉంది.

కౌలుదారు కార్డు కోసం మీరు ఎందుకు సంతకం పెట్టరు అని అందరూ అంటారు. మా భయం మీకు తెలియాలి. 1956 కౌలు చట్టం పేరు చెప్పి మా తాతగారు ఒక్క మాటే అనేవారు: కాగితం మీద వాడి పేరు పడితే పొలం పోయినట్టే. మా నాన్న అదే నమ్మారు, అమ్మ ఇప్పటికీ అదే నమ్ముతుంది. 2011లో కోనసీమలో పంట విరామం అన్నప్పుడు వచ్చిన చట్టంలో యజమాని సంతకం లేకుండానే కౌలుదారుకి రుణ అర్హత కార్డు ఇచ్చేవారు. అప్పుడు మావాళ్లు ఏటా కౌలుదార్లని మార్చేశారు, కార్డు తీసుకోకుండా. 2019 చట్టంలో యజమాని సంతకం ఉండాలని పెట్టారు, దాంతో ఇప్పుడు కౌలుదారు కార్డు మా దయ మీద ఆధారపడింది. నేను చట్టం తీసి చదివాను. ఆ కార్డు 11 నెలలే చెల్లుతుంది. దాన్ని చూపించి భూమి మీద ఏ హక్కూ అడగడానికి వీల్లేదని అందులోనే ఉంది. అమ్మకి తెలుగులో చదివి వినిపించాను. మూడోసారి చదివాక "పంట వరకేనా?" అంది. అవును, పంట వరకే.

అన్నగారూ, మీ ఆసామి గారితో హక్కు అన్న మాటతో మొదలుపెట్టకండి. ఆ మాట వినగానే మావాళ్లకి చెవులు మూసుకుపోతాయి. జాబితా ఫొటో చూపించండి, మీ ఫొటో చూపించండి. "పండించినట్టు మీ పేరు పడిందమ్మా, రేపు అధికారులు వచ్చి చూస్తే మీరు ఊళ్లో లేరు" అనండి. అది బెదిరింపు కాదు, ఆవిడకి నిజంగా ఇబ్బందే. మా అమ్మ ఒప్పుకున్నది అక్కడే.


పాత అడంగల్:

నాయనా కొబ్బరీ, ఆ రెండుసార్లు పడిన డబ్బు సంగతి కూడా తేల్చెయ్. ఎంతో కాదు, నీకు తేలికే.


గట్టు మీద కొబ్బరి:

పండక్కి వెళ్తున్నానండి. చెక్కు రాసి పెట్టుకున్నాను.


స్వర్ణ7029 (కనుమ మర్నాడు):

జరిగింది చెబుతాను, అడిగినవాళ్లు చాలామంది ఉన్నారు.

గడువు దాటిపోయినా మండల కార్యాలయంలో అభ్యంతరం కాగితం ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకున్నాను. సమాచార హక్కు దరఖాస్తు కూడా అదే రోజు పెట్టాను, 5 రూపాయలు కట్టి రసీదు తీసుకున్నాను. లంక అమ్మాయి చెప్పిన గడి అందులో రాశాను.

ఆసామి గారు భోగి నాడు వచ్చారు. మా ఆవిడ పూతరేకులు పట్టుకెళ్లింది, నేను ఫోను పట్టుకెళ్లాను. ఫొటో చూపిస్తే ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశారు. మొదట చేను గురించే అడిగారు, "ఇంత పడిపోయిందా, నువ్వు ఫోనులో చెప్పలేదేం?" అని. నిజమే, నేను చెప్పలేదు. ధాన్యం రంగు మారిందన్నాను తప్ప ఇంత అని చెప్పలేదు. జాబితా చూపిస్తే, తన పేరున రాసినట్టు తనకి తెలియదన్నారు. నేను నమ్ముతున్నాను.

వాళ్లబ్బాయి కౌలుదారు కార్డు మాట దగ్గర ఆగాడు. సార్వా లోపు లాయరుని అడిగి చెబుతానన్నాడు. కాదనలేదు, అవుననలేదు. దాళ్వా ఈ-పంటలో మాత్రం నా పేరు రాయించుకోమని ఆవిడే అన్నారు. ఆవిడ ఎదురుగానే సహాయకుడికి ఫోను చేసి స్పీకరు పెట్టాను, ఆవిడ నోటితోనే చెప్పించాను. నష్టపరిహారం తన ఖాతాలో పడితే పంపిస్తానన్నారు. ఎకరాకి పడిన మొత్తం ఎంతో జాబితాలో చూసి నాకే చెప్పమన్నారు.

ఊడ్పులు పూర్తయ్యాయి. మొదటి దఫా యూరియా ఇంకా వేయాలి. ఈ-పంటకి రాగానే నేనే వెళ్లి వేలిముద్ర వేస్తాను, అది అయ్యాక, దరఖాస్తుకి జవాబు వచ్చాక ఇక్కడ రాస్తాను.